తల దగ్గర కూర్చున్నవారు

"మీరు రాయలేదని ఒక్క మాట అనండి పాస్టరు గారూ. నేను లేచి వెళ్ళిపోతాను," అంది సార్జెంట్ అకనేసి.

సమిసోని ఆ మాట అనలేదు. గుమ్మం పక్కన నేల మీద కూర్చుని, ఒంటికి చుట్టుకున్న చిరుగుల చాప అంచునుంచి ఊడి వస్తున్న నారపోగుని వేలికి చుట్టుకుంటున్నాడు. పెదనాన్న లతు పోయినప్పటి నుంచి ఆ చాప ఆయన ఒంటి మీదే ఉంది. టోంగాలో చావు మైలకి కట్టే, చంకల దాకా వచ్చే పాత చాప. తల వంచితే గడ్డానికి గుచ్చుకుంటోంది. ఒత్తయిన జుట్టుని దినాల్లో నెత్తికంటా కత్తిరించేశారు. ముప్పై దాటిన మనిషి బడిపిల్లాడిలా కనిపిస్తున్నాడు.

లోపలి గదిలో ఆయన భార్య గిన్నెలు కాగితాల్లో చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇల్లు చర్చి సంఘానిది. పాస్టరుగా కట్టుకునే తెల్ల పట్టీ మెడలో ఉన్నంతవరకే అది వాళ్ళ ఇల్లు. మధ్యాహ్నం మూడింటికి పాస్టర్ల సమావేశం. ఆ పట్టీ తీసేయాలని కార్యదర్శి మాఫి తీర్మానం రాసి పెట్టుకున్నాడు.

ఇంతకీ నేరం ఒక రాత. మూడేళ్ళుగా ఇంటర్నెట్టులో 'తెరచాటు పాస్టరు' అనే పేజీ నడుస్తోంది. "నేను ఈ సంఘంలో పాస్టరుని, పేరు చెప్తే పట్టీ పోతుంది" అని మొదటి రోజే రాసుకున్నారు. తలుపులు వేసుకుని మాట్లాడుకున్నవన్నీ మర్నాటికి దానిలో వచ్చేవి. సముద్రం ఒడ్డున ఉన్న ఆడపిల్లల బడి స్థలాన్ని హోటలు వాళ్ళకి కౌలుకివ్వాలని మాఫి పట్టుబట్టడం, సంఘాధ్యక్షుడు లతు ససేమిరా అనడం కూడా వచ్చాయి. టోంగాలో ఆ పేజీ చదవని ఇల్లు లేదు. చదివామని ఒప్పుకున్న ఇల్లూ లేదు.

తరవాత లతు నిద్రలో పోయాడు. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. శవం ఇంట్లో ఉన్న రాత్రే ఆ పేజీలో నాలుగు వాక్యాలు వచ్చాయి. వాటిని అకనేసి చదివి చదివి కంఠతా పట్టింది.

"మొహానికి సువాసన నూనె రాస్తుంటే పౌడరు జారింది. ఎడమ చెవి కింద బొటనవేలంత నల్లటి మచ్చ బయటపడింది. మరుక్షణం ఒక చెయ్యి వచ్చి కాలరు పైకి లాగి సర్దింది. మా అధ్యక్షుడు నిద్రలో పోలేదు."

ఆ చెయ్యి ఎవరిదో రాయలేదు. సమాధి తవ్వించాలంటే కళ్ళారా చూసిన మనిషి వచ్చి ప్రమాణం చెయ్యాలన్నాడు మేజిస్ట్రేటు. పేరు లేని రాతకి కోర్టులో విలువ లేదన్నాడు. అకనేసికి ఆ మనిషి సాక్షిగా కావాలి. మాఫికి ఆ మనిషి దోషిగా కావాలి. ఇద్దరూ వెతుకుతున్నది ఒకరినే.

"ఆ రాత్రి శవాన్ని దగ్గరగా చూశారా?" అని అడిగింది.

"చూశాను."

"ఆయన చేతుల్లో ఏం పెట్టారు?"

సమిసోని చూపు నారపోగు మీదకి దించాడు. "బైబిలు."

అకనేసి పుస్తకం మూసేసింది. ఆ రోజు వరసలో నిలబడి లతు నుదుటిని ముద్దు పెట్టుకున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆయన చేతుల్లో ఉన్నది చనిపోయిన భార్య కుట్టిన తెల్ల రుమాలు.

"పాస్టర్లు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయని మా అమ్మ అనేది," అంది. "మీవి చూసుకోండి."

"మూడింటికి ఒప్పేసుకుంటాను అక్కా," అన్నాడు సమిసోని నెమ్మదిగా. "నేనే రాశానని చెప్తాను. మీరు ఇందులోంచి తప్పుకోండి."

"చెయ్యని దాన్ని ఎందుకు ఒప్పుకుంటారు?"

ఆయన వేలికి చుట్టుకున్న నారపోగుని తెంపేశాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

*

లతు ఇంటి వరండాలో సమిసోని తండ్రి భోజనానికి కూర్చున్నాడు. అన్నని పోగొట్టుకున్న ముసలాయన మూడు మెతుకులు తినడానికి ముప్పై సార్లు నిట్టూరుస్తున్నాడు. పక్కనే బల్ల మీద ఓఫా కూర్చుని ఉంది. లతు అక్క కూతురు. ఆడపిల్లల బడిలో టీచరు. దినాలు గడవని ఆ ఇంట్లో అందరూ చిరుగుల చాపలు చుట్టుకుని తిరుగుతుంటే, ఆమె ఒక్కతే నడుముకి సన్నటి నేత చాప కట్టుకుని ఉంది.

"రా అక్కా, తిందువుగాని," అంది ఓఫా. అంటూనే ముసలాయన పళ్ళెంలోంచి చేప పొట్ట ముక్క తీసి నోట్లో వేసుకుంది. ఆయన పళ్ళేన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"తిని వచ్చాను. లోపలెవరు?"

"మాఫి గారి వేటకుక్క. పొద్దుటి నుంచి గోడలు కూడా వాసన చూస్తున్నాడు. నా చాపల కట్టలు విప్పమన్నాడు. విప్పితే మళ్ళీ నువ్వే చుట్టాలన్నాను. మానేశాడు."

అకనేసికి నవ్వొచ్చింది. ఆచారం ప్రకారం శవం తల దగ్గర రాత్రంతా కూర్చునే హక్కు, మేలైన చాప కట్టే హక్కు మేనకోడలిదే. చావుకి కానుకగా వచ్చిన చాపల్లో మేలైనవన్నీ ఆమెవే. బతికి ఉన్నప్పుడు కూడా లతు ఇంట్లో ఓఫా అడిగింది కాదనే మనిషి లేడు.

ముందుగదిలో ఇసిలెలి మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఆక్లండ్‌లో పుట్టి పెరిగినవాడు. అక్కడే కంప్యూటరు నేరాలు పట్టే కంపెనీ పెట్టుకున్నాడు. ఆ పేజీ రాసేదెవరో పట్టుకోమని సంఘం పిలిస్తే వచ్చాడు. బూట్లు విప్పకుండా చాపల మీద నడిచాడని వచ్చిన రోజే ఊరంతా చెప్పుకున్నారు.

"ఆలస్యం చేశారు సార్జెంట్ గారూ. కేసు అయిపోయింది," అన్నాడు తలెత్తకుండా.

"ఏమని తేలింది తమ్ముడూ?"

"ఆ నాలుగు వాక్యాలు ఈ ఇంటి ఇంటర్నెట్టు మీదే వెళ్ళాయి. శవం ఇదే గదిలో ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్న పాస్టర్లందరితోనూ మాట్లాడాను. అధ్యక్షుడి సొంత కుటుంబంలోని పాస్టరు ఒక్క సమిసోనియే. ఇది వినండి, ఆ పేజీలోదే, మూడు నెలల కిందటిది." ఫోను తీసి చదివాడు. "ఆయన భోంచేస్తుంటే బడి స్థలం సంగతేమిటని అడిగాను. జవాబు చెప్పకుండా నమిలారు. నేను ఆయన పళ్ళెంలోంచి కందగడ్డ ముక్క తీసుకుని తిన్నాను. అప్పుడు నవ్వి, నేను బతికుండగా ఇవ్వనన్నారు." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇంత చనువు బయటివాడికి ఉంటుందా?"

"నీ సాక్ష్యం నీకే ఎదురు తిరిగింది. పెదనాన్న తింటున్న పళ్ళేన్ని తమ్ముడి కొడుకు ముట్టుకోడు. చిన్నప్పుడే వీపు చిట్లగొట్టి మరీ నేర్పుతారు. మీ ఇంట్లో నేర్పలేదా?"

"మా ఇంట్లో ఎవరి పిజ్జా వాళ్ళది. పోనీ, ఇంకో పాస్టరు అనుకోండి."

"అధ్యక్షుడి పళ్ళెంలో చెయ్యి పెట్టే పాస్టరు ఇంకా పుట్టలేదు."

"అయితే ఆ ముక్క కట్టుకథ అన్నమాట."

"కావచ్చు. రాసేవాళ్ళు కొంచెం ఉప్పూ కారం చల్లుతారు," అంది అకనేసి. ఆమె ధ్యాసంతా అప్పటికే వేరే చోట ఉంది. "నువ్వు ఒకసారి వెనక వంటపాకలోకి వెళ్ళు."

"ఎందుకు?"

"పని ఉంది. బూట్లు విప్పక్కర్లేదు, అక్కడ బూడిదే."

ఇసిలెలి గొణుక్కుంటూ వెళ్ళాడు. అకనేసి గది మధ్యకొచ్చి నిలబడింది. శవాన్ని ఎలా పడుకోబెట్టారో ఆమెకి బాగా గుర్తుంది. తల లోపలి గోడ వైపు, కాళ్ళు వీధి వైపు. ఆయనకి కుడిపక్క గుమ్మం. చూడ్డానికి వచ్చినవాళ్ళూ, వంతులవారీగా ప్రార్థన చేసిన పాస్టర్లూ అటునుంచే వచ్చి అటునుంచే పోయారు. ఎడమపక్క గోడకి నేల దాకా దిగేసిన నారబట్ట తెర ఇంకా వేలాడుతోంది. దాని మడతల్లో సువాసన నూనె మరక ఉంది. తల ఉన్న చోట కూర్చుని జేబులోంచి ఒక వస్తువు తీసి పైకెత్తింది.

"నా చేతిలో ఏముంది?" అని కేకేసింది.

"ఎక్కడ ఉన్నారు మీరు?"

"తల దగ్గర."

"నాకు కట్టెల గుట్ట కనిపిస్తోంది. పొయ్యి కనిపిస్తోంది. ఒక పంది నన్ను చూస్తోంది."

"నేను కనిపించడం లేదా?"

కాసేపటికి ఇసిలెలి తిరిగొచ్చాడు. మోకాళ్ళ దాకా బూడిద. అకనేసి చేతిలోని తాళంచెవి చూపించింది.

"సమిసోని లతుకి తమ్ముడి కొడుకు. కొడుకుతో సమానం. అలాంటివాళ్ళు చిరుగుల చాప చుట్టుకుని వంటపాకలో పొగలో ఉండాలి. పందుల్ని కాల్చాలి, కట్టెలు మొయ్యాలి. శవం ఉన్న గది గడప తొక్కకూడదు. తల దగ్గరికి అసలే రాకూడదు. పాస్టరైనా సరే, మంత్రైనా సరే. అతని జుట్టు ఎందుకు కత్తిరించారనుకున్నావు?"

"వేసవి కదా అనుకున్నాను," అన్నాడు ఇసిలెలి. కానీ ఆ మాటలో ఇందాకటి పొగరు లేదు. ఒక చాప అంచుని కాలితో సర్దబోయి, చేత్తో సర్దాడు. "అయితే కార్యదర్శి గారు నాకీ సంగతి ఎందుకు చెప్పలేదు? రాత్రంతా ఆయన ఇక్కడే ఉన్నారు కదా. వంటపాకలో ఎవరున్నారో ఆయనకి తెలియదా?"

అది మంచి ప్రశ్న. అకనేసి దాన్ని మనసులో ఒక మూల పెట్టింది. టైము చూసుకుంది. సమావేశానికి పావుగంటే ఉంది. ముందు సమిసోని నోరు మూయించాలి, మిగతాది తరవాత ఆలోచించుకోవచ్చు అనుకుంది.

వరండా దాటుతుంటే ఓఫా లేచి నిలబడింది. "సమిసోని పట్టీ తీసేస్తారా అక్కా?"

"తియ్యరు. నేను వెళ్తున్నాగా."

"తీసేలా ఉంటే నాకు ఫోన్ చెయ్యి. వెంటనే వస్తాను."

"నువ్వొచ్చి ఏం చేస్తావు?"

"చెయ్యి చాలు," అంది ఓఫా.

*

సమావేశ మందిరంలో పాస్టర్లు నల్లకోట్ల మీద చాపలు కట్టుకుని వరసలుగా కూర్చున్నారు. ముందుబల్ల దగ్గర కార్యదర్శి మాఫి. అరవయ్యేళ్ళ మనిషి. గొంతు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది. పెళ్ళి చేసినా, పాతిపెట్టినా, ఎవరినన్నా ఊడబెరికినా అదే గొంతు. ఎదురుగా సమిసోని తల వంచుకుని నిలబడ్డాడు.

తీర్మానం చదవడం అయ్యాక సమిసోని నోరు తెరవబోయాడు. అకనేసి లేచింది.

"ఈయన ఏం ఒప్పుకున్నా అది అబద్ధం, కార్యదర్శి గారూ. నేను నిరూపిస్తాను."

"అక్కా, వద్దు," అన్నాడు సమిసోని.

ఆమె వినలేదు. వంటపాక సంగతి చెప్పింది. కట్టెల గుట్ట, పొయ్యి, గోడ అన్నీ చెప్పింది. చేతుల్లో ఉన్నది రుమాలైతే బైబిలు అన్నాడని చెప్పింది. వెనక వరసలో ఒక ముసలి పాస్టరు "నిజమే, ఆ రాత్రి పంది మాంసం నాకు తెచ్చిచ్చింది ఇతనే, ఒళ్ళంతా మసి," అన్నాడు. ఒకరిద్దరు తలలూపారు. తలుపు దగ్గర ఇసిలెలి కూడా తల ఊపాడు. అకనేసికి లోపల హాయిగా అనిపించింది. చాలా రోజుల తరవాత ఒక పని పూర్తిగా కుదిరింది అనుకుంది.

మాఫి అంతా విన్నాడు. మొహంలో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు.

"అయితే రాసినవాళ్ళు తల దగ్గర ఉన్నవాళ్ళే అంటావు," అన్నాడు.

"అవును."

"తల దగ్గరికి పాస్టర్లం చాలామందిమే వచ్చాం. నేనూ వచ్చాను. మేమందరం ప్రార్థనకి ఏ పక్క నిలబడ్డామో నీకు గుర్తుందా అమ్మాయ్?"

"కుడిపక్క. గుమ్మం అటే ఉంది."

"మచ్చ ఏ చెవి కింద అని రాశారు?"

"ఎడమ..."

మాట నోటినుంచి సగం వచ్చాక అకనేసికి తన గొంతు తనకే వినిపించింది.

ఎడమపక్క గోడ. గోడకి తెర. ఆ తెరకి ఆనుకుని, తల పక్కన, రాత్రంతా కదలకుండా ఒక్కరే కూర్చున్నారు. ఆ మనిషి పాస్టరు కాదు.

మూడేళ్ళుగా ఏ పాస్టరు, ఏ పాస్టరు అని అందరూ తలలు పగలగొట్టుకున్నారు. అసలు పాస్టరేనా అని ఒక్కరికీ తట్టలేదు, ఆమెకి కూడా. 'పాస్టరుని' అని వాళ్ళు రాసుకున్నారు, వీళ్ళు నమ్మేశారు. పళ్ళెంలోంచి తీసిన కందగడ్డ ముక్కని తనే ఉప్పూ కారం అని కొట్టిపారేసింది. అది కట్టుకథ కాదు. పాస్టరు వేషం వేసుకుని రాస్తూ, ఓఫా చిన్నప్పటి నుంచి రోజూ చేసే పనిని మామూలుగా రాసేసింది. మేనమామ పళ్ళెంలో చెయ్యి పెట్టడం ఆమెకి ఊపిరి తీసుకోవడం లాంటిది. పాస్టరు చేస్తే అది తప్పవుతుందని ఎలా తోస్తుంది? ఇందాకే ఓఫా చేప ముక్క తీసుకుంటుంటే అకనేసి కళ్ళెదుటే చూసింది కూడా.

మాఫి ఆమెనే చూస్తున్నాడు.

"చాలమ్మా. పోలీసుల సాయానికి సంఘం రుణపడి ఉంటుంది," అన్నాడు. తీర్మానం కాగితాన్ని రెండుగా మడిచాడు. "పాస్టరు సమిసోని నిర్దోషి. తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాం. పాట పాడి ముగిద్దాం."

అందరూ లేచారు. పాట మొదలైంది. అక్కడ పాట మొదలైతే ఆగేది కాదు. ఒక వరస అందుకుంటే ఇంకో వరస పైస్థాయిలో కలుపుతుంది. గోడలు మోగుతున్నాయి. పాస్టర్ల భుజాల మధ్య నుంచి చూస్తే ముందుబల్ల ఖాళీగా ఉంది. పక్కతలుపు తెరిచి ఉంది.

సమిసోని జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. పట్టీ మెడలోనే ఉంది. మొహం మాత్రం దాన్ని పోగొట్టుకున్నవాడిలా ఉంది.

"పళ్ళెం సంగతి చదివిన రోజే నాకు తెలిసింది అక్కా. మా ఇంట్లో ఆ పని చెయ్యగలిగింది ఓఫా అక్క ఒక్కతే. నేను ఒప్పుకుని ఉంటే వెతకడం ఆగిపోయేది. అందుకే మిమ్మల్ని తప్పుకోమన్నాను."

"మాఫికి మీరు రాయలేదని ముందే తెలుసు," అంది అకనేసి. "మీరు వంటపాకలో ఉండటం తన కళ్ళతో చూశాడు. మిమ్మల్ని నిలబెడితే మీకోసం ఎవరో ఒకరు నిజం మాట్లాడతారని కూర్చున్నాడు. ఆ మాట్లాడింది నేను."

ఇసిలెలి తలుపు దగ్గర నుంచి పరుగున వచ్చాడు. "మాఫి గారి కారు వెళ్ళిపోయింది సార్జెంట్ గారూ. లతు గారింటి వైపు తిరిగింది. నాది బయటే ఉంది."

తాళాలు ఆమె చేతిలో పెట్టి తనే ముందు పరిగెత్తాడు. ముగ్గురూ కారులో కూర్చున్నారు. లతు ఇల్లు దగ్గరే. వరండాలో ముసలాయన ఒక్కడే ఉన్నాడు. పళ్ళెం ఇంకా ముందే ఉంది. బల్ల ఖాళీగా ఉంది.

"ఓఫా ఏది బాబాయ్?" అంది అకనేసి కారు దిగకుండానే.

"ఇప్పుడే మాఫి గారు వచ్చి తీసుకెళ్ళారమ్మా. సమిసోని పట్టీ తీసేస్తున్నారట, నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే ఆగుతుందన్నారు. చెయ్యి కూడా కడుక్కోలేదు పిల్ల, లేచి వెళ్ళిపోయింది."

మందిరం నుంచి ఈ ఇంటికి ఉన్నది ఒకటే దారి. ఆ దారిలో వాళ్ళకి ఏ కారూ ఎదురు రాలేదు. ఇంటి ముందు నుంచి ఇంకో దారి సముద్రం వైపు, బడి స్థలానికి వెళ్తుంది.

అకనేసి కారు అటు తిప్పుతూ, ఫోను సమిసోని చేతికిచ్చి ఓఫాకి కలిపి స్పీకరులో పెట్టమంది. అవతల ఎత్తారు. అదే గొంతు. అదే స్థాయి.

"చెప్పమ్మా అకనేసీ. ఓఫా నా పక్కనే ఉంది. బడి స్థలం ఒకసారి ఇద్దరం కలిసి చూద్దామనుకున్నాం. ఆమె చదువుకున్న పిల్ల, చెప్తే అర్థం చేసుకుంటుంది."

"ఆమెకి ఫోను ఇవ్వండి, కార్యదర్శి గారూ."

"మాట్లాడుతుంది. వినిపిస్తుందిలే."

కాసేపు ఇంజను చప్పుడు, దూరంగా అలల చప్పుడు. తరవాత ఓఫా గొంతు వచ్చింది. తరగతిలో వెనకబెంచీ దాకా వినిపించేలా పాఠం చెప్తున్నట్టు, నిదానంగా.

"అక్కా, రాసుకో. నా పేరు కూడా రాసుకో. ఆ రాత్రి కాలరు సర్దిన చెయ్యి ఇప్పుడు స్టీరింగు మీద ఉంది."